చెప్పులకు కాపలా

"రేపు అందరం సరదాగా భీమిలి వెళ్ళొద్దాం!"

ఈ మాట మా ఇంట్లో ఎప్పుడూ రాత్రి భోజనాలయ్యాకే పుడుతుంది. పుట్టించేది ఎప్పుడూ మగవాళ్ళే. మజ్జిగన్నం తిన్న చెయ్యి కడుక్కుంటూ అంటారు. ఆ మాట వినగానే పిల్లలు గంతులేస్తారు. నేను మాత్రం గబగబా వంటింట్లోకి వెళ్ళి చింతపండు నానబెడతాను.

విశాఖపట్నంలో కాపురముంటున్న ఇల్లాళ్ళకి ఈ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఊళ్ళో సముద్రం ఉంటే ఇంట్లో చుట్టాలుంటారు. సంక్రాంతికొక జట్టు, వేసవి సెలవులకొక జట్టు. వచ్చినవాళ్ళని బీచి రోడ్డు వెంట భీమిలిదాకా తిప్పి తీసుకురాకపోతే మర్యాద చేసినట్టే కాదు. తిప్పేది మావారు, మర్యాద నాది. కార్లలో పెట్రోలు ఎవరు పోయించారో అందరికీ గుర్తుంటుంది గానీ, పదకొండు మందికి పులిహోర ఎవరు కలిపారో ఎవరికీ గుర్తుండదు. "ఉప్పు కాస్త తగ్గింది" అన్నది మాత్రం మరుసటి ఏడాదిదాకా గుర్తుంటుంది.

మొన్న వేసవిలో మా ఆడపడుచుగారి కుటుంబం వచ్చింది. వదినగారు, అన్నయ్యగారు, వాళ్ళబ్బాయి, కోడలు, ఆరేళ్ళ మనవడు, కోడలి చంకలో ఎనిమిది నెలల పిల్ల. ఇటు మేమిద్దరం, మా అమ్మాయి, అబ్బాయి, మా అత్తయ్యగారు. వెరసి పదకొండుగురం. తెల్లవారి ఆరింటికి బయల్దేరాలని నిర్ణయమైంది. మగవాళ్ళు ఆరింటికి బయల్దేరడమంటే అయిదున్నరకి లేవడం. ఆడవాళ్ళు ఆరింటికి బయల్దేరడమంటే మూడింటికి లేవడం. ఈ రెండున్నర గంటల తేడాని ఏ లెక్కల మాస్టారూ ఇంతవరకూ నాకు విడమర్చి చెప్పలేదు.

మూడింటికి లేచాను. వదినగారూ లేచింది పాపం, చుట్టపుచూపుగా వచ్చిన మనిషి! పులిహోర, దద్ధోజనం, పెద్దవాళ్ళకి ఇడ్లీలు, పిల్లలకి జంతికలు, చంటిదానికి ఉగ్గు, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు, విస్తరాకులు, దుప్పట్లు, తువ్వాళ్ళు, తడిసేవాళ్ళకి మార్చుకునే బట్టలు. తడిసేవాళ్ళంటే ఎవరో ఆ పూట నేను ఆలోచించలేదు. ఆరు జతల బట్టలు సర్దాను. ఆ ఆరింట్లో నా చీర లేదు, వదినది లేదు, అత్తయ్యగారిది అసలే లేదు. ఎవరూ పెట్టొద్దనలేదు. నా చేతులే పెట్టలేదు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇంకొక పని కూడా చేశాం మేమందరం, ఒకరితో ఒకరం అనుకోకుండానే. పొద్దున లేచిందగ్గర్నించి నీళ్ళు తాగడం మానేశాం. కాఫీ కూడా అరగ్లాసే. ఎందుకో ఆడవాళ్ళయితే మీకు చెప్పక్కర్లేదు. మగవాళ్ళెవరైనా ఈ పేజీ తిప్పుతుంటే వాళ్ళ కోసం చెబుతున్నాను: దారిలో మాకు వెళ్ళడానికి చోటుండదు కనక. మీకు చెట్టుంది, గోడుంది, "ఒక్క నిమిషం కారాపు" అనే ధైర్యముంది. మాకు ఉన్నదల్లా ఓర్పు.

సరే, బయల్దేరాం. ఆ దారి అందాన్ని కాదనలేను. కుడిచేతి వేపు సముద్రం, ఎడమచేతి వేపు కొండలు. కైలాసగిరి దాటి, ఋషికొండ దాటి, మంగమారిపేట దగ్గరికొచ్చేసరికి ఎండ నీళ్ళ మీద పరుచుకుంది. మావారికి చుట్టాలుంటే చరిత్ర వస్తుంది. "అదిగో, ఆ పైది తొట్లకొండ. రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ విహారం. రాతిని తొలిచి తొట్లు చేసి వాననీళ్ళు పట్టుకునేవారు, అందుకే తొట్లకొండ అన్నారు. ఇంకాస్త అవతల బావికొండ. అక్కడా నీళ్ళ బావులే!" అని అన్నయ్యగారికి చెప్పుకొస్తున్నారు. వెనక సీట్లో కూచుని వింటున్న నాకు ఒక్కసారి ఒళ్ళు మండింది. రెండు వేల ఏళ్ళ కిందట, సంసారం వదిలేసుకున్న సన్యాసులు కూడా, కొండ మీదికి నలుగురు మనుషులొస్తే నీళ్ళు కావాలని ముందు ఆలోచించారు. ఆ ఏర్పాటు ఎంత ముఖ్యమనుకున్నారో, కొండల పేర్లే నీళ్ళ పేర్లయ్యాయి! ఇవాళ మన ఏర్పాట్లని చూసి ఈ దారికి పేరు పెట్టమంటే ఏం పెడతారు? "ఫొటోల రోడ్డు" అని పెట్టాలి. ఎక్కడ చూసినా ఫొటో దిగడానికి గట్టు, రంగు రంగుల అక్షరాలు, దీపాలు.

దారిలో ఒకచోట "స్త్రీలకు" అని బోర్డున్న గది కనిపించింది. వదినగారి మొహం వికసించింది. ఇద్దరం దిగి వెళ్ళాం. తలుపుకి తాళం, ఆ తాళానికి తుప్పు. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని పక్కన కొబ్బరిబోండాలు కొట్టే అతన్ని అడిగితే, "ఎవరైనా పెద్దోళ్ళొచ్చినప్పుడు తీస్తారండి" అన్నాడు. అంటే మేం పెద్దవాళ్ళం కాదన్నమాట. తిరిగొచ్చి కారెక్కాం. "ఏమైంది?" అన్నారు మావారు. "ఏం కాలేదు" అన్నాను. నిజమే మరి, ఏం కాలేదు! ఎండలో బోండాలు తలొకటి తెప్పించారు అన్నయ్యగారు. మగవాళ్ళు తాగారు. మేం "వద్దు లెండి, దాహం లేదు" అన్నాం.

ఇది నవ్వులాట కాదండీ. రోజంతా నీళ్ళు తాగకుండా, వచ్చిందాన్ని ఆపుకుంటూ తిరిగితే మూత్రంలో మంట, జ్వరం పట్టుకుంటాయని ఏ లేడీ డాక్టర్నడిగినా చెబుతుంది. సరదా ప్రయాణం చేసొచ్చిన మర్నాడు మగవాళ్ళు ఆఫీసుకి వెళతారు, ఆడవాళ్ళు మందుల షాపుకి వెళతారు. అక్కడ కూడా ఏం జబ్బో పైకి చెప్పుకోలేక చీటీ మీద రాసిస్తారు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగాం. సినిమాల్లో పాటలకి అందరూ చూసిన చోటే. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. వేల ఏళ్ళుగా గాలీ వానా కలిసి మలిచిన దిబ్బలు. బిడ్డకి పాలిద్దామని వదినగారి కోడలు నీడ కోసం, చాటు కోసం ఆ దిబ్బలన్నీ వెతికింది. చివరికి కారు తలుపులు వేసుకుని, అద్దాలకి తువ్వాళ్ళు కట్టుకుని, ఆ ఉక్కలో కూచుని పాలిచ్చింది. పాపం, ఆ పిల్ల చూసిన జాతీయ వారసత్వం ఆ తువ్వాలే!

భీమిలి చేరేసరికి పదిన్నర. చక్కటి ఊరు, పాత ఊరు. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికొచ్చిన ఒలందా వాళ్ళ సమాధులున్నాయి, దీపస్తంభముంది, కొండ మీద నరసింహస్వామి ఉన్నాడు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దూరి వచ్చిన గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. కారు ఆగీ ఆగకముందే మగవాళ్ళూ పిల్లలూ ఇసక మీదికి పరుగెత్తారు. నీళ్ళకి పది గజాల ఇవతల ఆరు జతల చెప్పులు వదిలారు. వాటి పక్కన రెండు ఫోన్లు, ఒక గడియారం, కళ్ళజోడు, పర్సు. "కాస్త చూస్తూండు" అన్నారు మావారు. సముద్రాన్ని కాదు, చెప్పుల్ని!

నేనూ, వదినా, అత్తయ్యగారూ, చంటిపిల్లతో కోడలూ దుప్పటి పరుచుకుని కూచున్నాం. ఆరు జతల చెప్పులకి నలుగురం కాపలా. పోలీసు కమిషనరు బంగళాకి కూడా అంత కాపలా ఉండదు. చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని అటుగా పోతున్న జాలరి ఆవిడ మమ్మల్ని చూసి ఆగింది. "ఏటమ్మా, ఇంత దూరం ఒచ్చి నీల్లల్లో కాలెట్టరేటి?" అంది. ఏం చెప్పాలో తోచక నవ్వాం. ఆవిడకి రోజూ సముద్రంతో పని. మాకు సముద్రం సెలవు. పనున్నావిడ కాళ్ళు తడిగా ఉన్నాయి, సెలవు మీద వచ్చిన మా కాళ్ళు పొడిగా ఉన్నాయి!

ఇంతలో నేనొక ఘనకార్యం చేశాను. మా అమ్మాయికి పదమూడేళ్ళు. తమ్ముడితో కలిసి మోకాలి లోతులో కేరింతలు కొడుతోంది. గట్టు మీద ఎవరో కుర్రాళ్ళు నిలబడ్డారు. నాకు గుండె ఝల్లుమంది. "ఇక చాల్లే, బయటికి రా! తడిబట్టల్తో ఏమిటా గెంతులు? వచ్చి తమ్ముడి చెప్పులు చూస్తూ కూచో" అని కేకేశాను. అది వచ్చింది. దుప్పటి చివర కూచుంది. కాసేపు ఇసకలో గీతలు గీసి, "అమ్మా, వాడి చెప్పులు నేనెందుకు చూడాలి?" అంది.

కోపంగా అడిగితే కోప్పడి ఊరుకునేదాన్ని. మామూలుగా అడిగింది. లెక్క అర్థంకాక అడిగినట్టు అడిగింది. జవాబు నాకు తెలీదు. ఇరవై ఏళ్ళుగా నేనూ చూస్తున్నాను, ఎందుకో నన్ను నేను అడగలేదు.

అప్పుడు మా అత్తయ్యగారు నోరు విప్పారు. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. "ఈ ఊరొచ్చి యాభై రెండేళ్ళయిందే అమ్మాయ్. సముద్రంలో దిగకపోలేదు, మాఘ పౌర్ణమికి దిగాను. ముక్కు మూసుకుని మూడు మునకలు, ఒడ్డుకి రావడం. మీ మావగారు ఒడ్డున నిలబడి 'త్వరగా, త్వరగా' అనేవారు. పుణ్యం కోసం మునిగాను గానీ, ఊరికే నీళ్ళలో నిలబడ్డం నేనెరగను" అన్నారు.

అమ్మలారా, అక్కలారా, ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట కోసమే రాస్తున్నాను. పుణ్యానికైతే మనకి అనుమతి ఉంది. మాఘస్నానానికి, పుష్కరాలకి, తీర్థానికి ఎంత దూరమైనా పంపిస్తారు. బిడ్డల కోసం, భర్త ఆయుష్షు కోసం ఎంత చల్లటి నీళ్ళలోనైనా మునగనిస్తారు. ఊరికే, ఎవరి కోసమూ కాకుండా, చల్లగా ఉంది కదా అని కాసేపు నీళ్ళలో నిలబడ్డానికి మాత్రం అనుమతి లేదు. ఎవరూ కాగితం మీద రాసి పెట్టలేదు. అయినా లేదు.

దీనికి మగవాళ్ళు చెప్పే సమాధానాలు నాకు కంఠతా వచ్చు.

"మిమ్మల్నెవరు కట్టేశారు? దిగండి!" అంటారు. కట్టేసిన తాడు కంటికి కనిపించదు గానీ ఉంది. తడిస్తే ఆరు గజాల చీర మణుగు బరువు. మార్చుకునే గది లేదు. ఇసకతో, ఉప్పునీళ్ళతో ఒంటికంటుకున్న బట్టతో, చూసేవాళ్ళందరి కళ్ళూ దాటుకుంటూ కారు దాకా నడవాలి. ఆపైన పాతిక ముప్ఫై కిలోమీటర్లు అలాగే కూచోవాలి. మీరు చొక్కా విప్పి భుజాన వేసుకుని నడిచొస్తారు, ఎవరూ తలతిప్పి చూడరు. ముందు గది కట్టించి, అప్పుడు అడగండి ఎవరు కట్టేశారని.

"హోటల్లో తిందామంటే మీరే వద్దంటారు" అంటారు. అంటాం, నిజమే. పదకొండు మందికి బిల్లొచ్చాక "ఇదే ఇంట్లో అయితే..." అని మొదలుపెట్టేది మీరే కనక! అయినా నాకు పులిహోర మీద కోపం లేదు. సముద్రపు గాలికి పులిహోర తిన్నంత హాయి మరొకటి లేదు. మూడింటికి ఒక్కళ్ళే లేవడం మీదే నా కోపం. నలుగురు లేస్తే అది అయిదింటి పని.

"సదుపాయాలంటే మాటలా, బోలెడు ఖర్చు" అంటారు. 2020లో ఋషికొండ తీరానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిందని అందరం సంబరపడ్డాం. ఆ గుర్తింపు ఇచ్చేవాళ్ళు పెట్టే షరతుల్లో శుభ్రమైన మరుగుదొడ్లు కూడా ఉన్నాయి. అంటే, విదేశాల వాళ్ళు వచ్చి తనిఖీ చేస్తారంటే కట్టగలం. మన ఇంటి ఆడవాళ్ళు అడిగితే ఖర్చు గుర్తొస్తుంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలుపెట్టారు. చాలా మంచిపని, దణ్ణం పెడతాను. భర్తని డబ్బులడగకుండా ఇల్లు కదలగలిగే ఆడది ఎంత అదృష్టవంతురాలో అడగాల్సి వచ్చినవాళ్ళకే తెలుస్తుంది. అయితే బస్సు దిగాక ఆమె ఎక్కడికి వెళ్ళాలో కూడా ఆలోచించాలి కదా! టిక్కెట్టు లేకుండా సముద్రం దాకా తీసికెళ్ళి, నీళ్ళు తాగకుండా ఒడ్డున కూచోబెడితే అది సగం ఉపకారమే.

ఇక మన సంగతి. అన్నీ మగవాళ్ళ మీదికి నెట్టేస్తే అది కూడా న్యాయం కాదు. మార్చుకునే బట్టలు ఆరు జతలు సర్ది, నా చీర పెట్టుకోనిది ఎవరు? నేనే. పదమూడేళ్ళ పిల్లని నీళ్ళలోంచి పిలిచి కాపలాకి పెట్టింది ఎవరు? నేనే. గట్టు మీద కుర్రాళ్ళు చూస్తే వాళ్ళని "ఏమిటి నాయనా చూస్తున్నారు, మీ పని చూసుకోండి" అని కసరాల్సింది పోయి, ఏ తప్పూ చెయ్యని పిల్లని కసిరాను. మా అమ్మ నన్నలాగే పిలిచింది. నేను దాన్ని పిలిచాను. ఇలా ఒకరి తర్వాత ఒకరం చెప్పుల కాపలా ఉద్యోగాన్ని వారసత్వంగా ఇచ్చుకుంటూ పోతున్నాం, అదేదో నగలాగా!

ఆ రోజు మాత్రం లేచాను. నీళ్ళలో ఉన్న మావారిని పిలిచి, "ఓ అరగంట వీటిని చూడండి" అన్నాను. "నేనా?" అన్నారు. "మీరే. వీటిలో ఒక జత మీదే" అన్నాను. అన్నయ్యగారు నవ్వారు. ఆయన్నీ కూచోబెట్టింది వదిన. కోడలు తన మొగుడి చేతిలో చంటిదాన్ని పెట్టింది.

అత్తయ్యగారికి ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి మా అమ్మాయి పట్టుకున్నాం. లోతుకి పోలేదు. సముద్రంతో పరాచికాలు పనికిరావు, మన తీరంలో అలలు ఈతొచ్చినవాళ్ళనే లాక్కుపోయిన రోజులున్నాయి. చీలమండల లోతులోనే ఆగాం. మొదటి అల వచ్చి కాళ్ళ కింద ఇసక లాగేసరికి ఆవిడ "అమ్మో!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. రెండో అలకి నవ్వారు. మూడో అలకి ముక్కు మూసుకోవడానికి చెయ్యి పైకెత్తి, మళ్ళీ దించేశారు. పావుగంట అలాగే నిలబడ్డారు. "ఇక వెళదామా అత్తయ్యా?" అంటే, "ఉండవే, తొందరేముంది?" అన్నారు. ఆవిడ నోట ఆ మాట నేను కాపురానికొచ్చాక వినడం అదే మొదలు.

తిరిగొచ్చేసరికి ఒడ్డున పెద్ద గొడవ. అన్నయ్యగారి ఎడమకాలి చెప్పు కుక్క ఎత్తుకుపోయింది! కాపలాదార్లిద్దరూ ఫోన్లు చూసుకుంటున్నారట. ఇరవై ఏళ్ళలో మేం ఒక్క చెప్పు పోగొట్టలేదు. వాళ్ళు అరగంటలో పోగొట్టారు. "ఎంత ఎండగా ఉందో తెలుసా ఇక్కడ? నడుం పట్టేసింది" అన్నారు మావారు. తెలుసండీ, ఇరవై ఏళ్ళుగా తెలుసు. కాపలా అంటే ఊరికే కూచోవడం కాదు, అదీ ఒక పనేనని ఆ కుక్క పుణ్యమా అని తేలింది. అన్నయ్యగారు ఒంటికాలి చెప్పుతో ఇల్లు చేరారు. కొంపేమీ మునగలేదు.

ఇందుకే అంటాను, ఈసారి మీ ఇంట్లో "సరదాగా వెళ్ళొద్దాం" అన్న మాట పుడితే వెంటనే చింతపండు నానబెట్టకండి. ముందు మీ చీర సర్దుకోండి. పులిహోరకి పోపు ఎవరు పెడతారో, పిల్లని ఎవరు ఎత్తుకుంటారో, చెప్పుల దగ్గర ఎవరెంతసేపు కూచుంటారో ఆ రాత్రే తేల్చండి. దారిలో తాళం వేసిన తలుపు కనిపిస్తే "ఏం కాలేదు" అనకండి. అయింది. ఫొటో తీసి సంబంధించినవాళ్ళకి పంపండి, పదిమంది పదిసార్లు పంపండి. ఉచితంగా అడగడం లేదు మనం. నీళ్ళొచ్చే కుళాయి, లోపలినుంచి పడే గడియ, బట్టలు మార్చుకునేందుకు, బిడ్డకి పాలిచ్చేందుకు కాస్త చాటు, శుభ్రం చేసే మనిషికి సరైన జీతం. ఇవన్నీ ఉంటే తలకి అయిదో పదో రూపాయలు మనమే ఇస్తాం. మొక్కజొన్న పొత్తుకి అంతకన్నా ఎక్కువే ఇస్తున్నాం.

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి కిటికీలోంచి గోస్తనీ నదిని చూస్తూ, "అమ్మా, నదులన్నీ ఆడవాళ్ళేగా?" అంది. అవునన్నాను. "మరి అంత దూరం నుంచి వచ్చి, తిన్నగా సముద్రంలోకి వెళ్ళిపోయిందే!" అంది.

అత్తయ్యగారు తడి చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ, "దాని దగ్గర ఎవరూ చెప్పులు విడిచి ఉండరే" అన్నారు.